గుర్రపు బాటకు నీటి వాటం

(విజయవాడలో ఒక ఆదివారం ఉదయం, గుర్రపు స్వారీ నేర్చుకుంటున్న పిల్లలు, వాళ్ళ తల్లిదండ్రులు, స్వారీకి తమ తోటల్లో దారి ఇద్దామనుకుంటున్న కొందరు రైతుల ముందు, రోడ్ల శాఖలో పనిచేసి రిటైరైన ఒక ఇంజినీరు చేసిన ప్రసంగ పాఠం.)

అందరికీ నమస్కారం. మైకు వినిపిస్తోందా? వెనక కూర్చున్నవాళ్ళకి? సరే.

నన్ను పిలిచినాయన ఫోన్లో "సార్, గుర్రాల గురించి మాట్లాడాలి" అన్నారు. నాకు గుర్రాల గురించి పెద్దగా తెలియదండీ. గుర్రం మా మనవరాలిది. నాకు తెలిసినవి మట్టి, కంకర, తూములు. ముప్పై ఏళ్ళకు పైగా రోడ్లు వేయించాను. అవి ఎన్నాళ్ళున్నాయని మాత్రం అడగొద్దు. (నవ్వులు) అందుకని ఈ పూట గుర్రం కాళ్ళ కింద ఉండేదాని గురించి మాట్లాడతాను. పైన ఉండేదాని సంగతి మీ కోచ్‌లు చూసుకుంటారు.

ముందు నేను చేసిన తప్పు చెప్తాను. మా బావమరిదికి కొండవీడు కొండల పక్కన తోట ఉంది. కింద జామ వేశాడు. పైన వాలు మీద ఏమీ పండదు, రాళ్ళూ సర్కారు తుమ్మే. 2023 వేసవిలో మనవరాలి కోసం అక్కడ ఒక బాట వేద్దామనుకున్నాం. వాలు పైన ఒక చింతచెట్టు, కింద గుర్రం షెడ్డు. రెండింటికీ మధ్య తాడు లాగినట్టు తిన్నగా బాట తీయించాను. జేసీబీ వాడు ఒక్క పూటలో పని తేల్చేశాడు. ముచ్చటపడి ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టాను కూడా. చుట్టాలందరూ దండాలు పెట్టారు.

డిసెంబర్ 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. వాన తెరిపిచ్చాక వెళ్ళి చూస్తే నా బాట వాగైపోయి ఉంది. మోకాలి లోతున కోసేసింది. అడుగున చింతచెట్టు వేళ్ళు బయటపడ్డాయి. సిగ్గేసి, ఎవరికీ చెప్పకుండా నాలుగు ట్రాక్టర్ల గ్రావెల్ తోలించాను. తర్వాతి పెద్ద వానకి ఆ గ్రావెలంతా జామ చెట్ల మొదళ్ళలో చేరింది. మా బావమరిది ఒక్క మాటా అనలేదు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

అక్కడ మేకలు కాసుకునే ముసలాయన ఒకడున్నాడు. నేను కొలతలు పట్టుకుని తిరుగుతుంటే చూసి చూసి, "మేకే నిలువునా దిగదు గదండీ సారూ, మీరేంది గుర్రాన్ని దింపుతున్నారు?" అన్నాడు. తలెత్తి చూస్తే నిజమే. మేకల దారులన్నీ కొండకి అడ్డంగా, ఏటవాలుగా పోతున్నాయి. ఎన్నేళ్ళ నాటివో! అంత తుపానులోనూ ఒక్కటి కూడా కోసుకుపోలేదు.

ఇందులో ఇంజినీరింగ్ ఏమిటంటే, గుర్రం 400 కిలోల జంతువు. పైన మనిషి, జీను కలిపి ఇంకో 80 వేసుకోండి. ఆ బరువంతా నాలుగు చిన్న గిట్టల మీద, దౌడు తీసేటప్పుడు ఒకటి రెండు గిట్టల మీద పడుతుంది. పైగా గిట్టకి ఇనప నాడా. కొండ ఎక్కేటప్పుడు గుర్రం ముందుగిట్ట మొనతో తవ్వుతుంది, దిగేటప్పుడు వెనకకాళ్ళతో జారుడు బ్రేకు వేస్తుంది. అంటే గుర్రం మట్టిని గుల్ల చేస్తుంది. దానికి మించి ఏమీ చేయదు. ఆ గుల్ల మట్టిని మోసుకుపోయేది నీళ్ళు. నీటి వేగం రెట్టింపైతే అది దొర్లించగల రాయి బరువు 64 రెట్లవుతుందని మేం హైడ్రాలిక్స్‌లో చదువుకున్నాం. చదివి, పరీక్ష రాసి, పాసై, నలభై ఏళ్ళ తర్వాత నిలువు బాట వేశాను. నీరు పల్లమెరుగు అంటారు కదా, ఆ పల్లం ఎటుందో నేనే దగ్గరుండి చూపించాను.

సరే, రెండోసారి ఎలా వేశామో చెప్తాను. నీళ్ళు పోవడానికి తాపీ మేస్త్రీలు డాబా మీద, బాత్‌రూమ్‌లో "వాటం" ఇస్తారు చూడండి, బాటకి కూడా అదే కావాలి, కాకపోతే రెండు వైపులా. పొడవునా ఒక వాటం, అడ్డంగా ఒక వాటం.

పొడవు వాటం నూటికి పది దాటకూడదు. అంటే 100 అడుగులు నడిస్తే పదడుగుల కన్నా ఎక్కువ ఎక్కకూడదు. తప్పనిసరి చోట కొద్ది దూరం పదిహేను దాకా ఓర్చుకోవచ్చు. దీనికి తోడు ఇంకో లెక్క ఉంది, దీన్ని చాలామంది మర్చిపోతారు. బాట వాటం, ఆ కొండ సొంత వాలులో సగానికి మించకూడదు. కొండ వాలు నూటికి ఇరవై ఉంటే బాట పదికి లోపు. కొండ వాలే నూటికి ఆరు ఉన్న చోట బాట మూడుకి లోపు. మించితే నీళ్ళు బాటకి అడ్డంగా దాటిపోవడం మానేసి బాట వెంట ప్రయాణం కడతాయి. అందుకే దాదాపు చదునుగా ఉన్న చోట బాట వేయడం కొండ మీద వేయడం కన్నా కష్టం. మీరు నమ్మరు గానీ, నా అనుభవం అదే.

అడ్డ వాటం లోయ వైపుకి. మీటరు వెడల్పుకి 5 సెంటీమీటర్లు చాలు. కొండ మీద నుంచి జారిన నీళ్ళు పల్చటి పొరలా బాట దాటి అవతలికి పోవాలి. కొండ వైపు కాలువ తీసి నీళ్ళన్నీ ఒకచోట పోగేయాలని మాలాంటి రోడ్ల వాళ్ళకి చేతులు దురదపెడతాయి. వద్దు. నీళ్ళు పోగైన చోటే బలం వస్తుంది. విడివిడిగా ఉన్నంతసేపూ అవి మన మాట వింటాయి.

మూడోది, బాట ఒకే దిగుడుగా దిగకూడదు. కొంత దూరం దిగాక నాలుగైదు మీటర్ల దూరం కాస్త పైకి ఎక్కాలి, మళ్ళీ దిగాలి. గుర్రం మీద కూర్చున్నవాళ్ళకి అది అలలాగా ఉంటుంది, తెలియను కూడా తెలియదు. అక్కడ నీళ్ళకి మాత్రం బయటికి పోక తప్పదు. మా బావమరిది తోటలో ముప్పై, నలభై అడుగులకొకటి ఇలా ఇచ్చాం. స్పీడ్ బ్రేకర్‌లా మట్టి దిమ్మ పోస్తే పని జరగదు, గిట్టలు దాన్ని ఒక్క సీజన్‌లో అణగదొక్కేస్తాయి. బాట గీసేటప్పుడే ఆ అల ఉండాలి.

ఇదంతా కొలవడానికి పెద్ద పరికరాలు కావాలనుకుంటున్నారా? మేస్త్రీ దగ్గర ఉండే నీళ్ళ ట్యూబు చాలు. పారదర్శకంగా ఉండే పైపు, అందులో నీళ్ళు, బుడగ లేకుండా చూసుకోవాలి. రెండు కర్రలు తీసుకుని వాటి మీద సెంటీమీటర్లు గీసుకోండి. ఇద్దరు 10 మీటర్ల దూరంలో నిలబడి చెరో కర్రకి ట్యూబు కొస పట్టుకుంటే నీటి మట్టం రెండు చోట్లా సమానంగా నిలుస్తుంది. రెండు కర్రల మీది అంకెల తేడా 80 సెంటీమీటర్లుంటే వాటం నూటికి ఎనిమిది. మేం నా మనవరాలు ఒక కొస, నేనొక కొస పట్టుకుని రెండు ఆదివారాలు తిరిగాం. వేపపుల్లలు గుచ్చి, వాటికి చిరిగిన చీరల పీలికలు కట్టాం. తర్వాతే పలుగు, పార. జేసీబీని ఈసారి గేటు లోపలికి రానివ్వలేదు. దూరం మూడింతలైంది, కానీ రెండు వానాకాలాలు గడిచినా బాట అక్కడే ఉంది.

కొండ సంగతి అలా ఉంచండి. మీలో చాలామంది పొలాలు నల్లరేగడి. గుంటూరు చుట్టుపక్కల, అమరావతి వైపు అంతా అదే. పత్తికి, మిరపకి బంగారం, బాటకి మాత్రం శత్రువు. వాన పడితే ఉబ్బుతుంది, ఎండితే బీటలిస్తుంది. వానాకాలం గిట్ట అడుగున మట్టి ముద్ద కట్టి గుర్రం మడమ చెప్పులేసుకున్నట్టు నడుస్తుంది, జారుతుంది. ఏప్రిల్ వచ్చేసరికి మన చెయ్యి దూరేంత బీటలు. అందులో గిట్ట దిగి మెలిపడితే ఆ గుర్రం పని అయిపోయినట్టే.

రేగడి మీద గ్రావెల్ పోస్తే సరిపోతుందనుకుంటారు. పోసిన గ్రావెల్ వానాకాలానికి కిందకి దిగిపోతుంది, రేగడి పైకొస్తుంది. ముందు పక్కల కాలువలు తీసి బాటని నేల మట్టానికి పైకి లేపాలి. తర్వాత జియోటెక్స్‌టైల్ బట్ట పరవాలి, అంటే నీటిని వదిలి మట్టిని ఆపే గట్టి బట్ట, ఇప్పుడు రోడ్ల పనుల్లో బాగానే వాడుతున్నారు. దాని మీద ఆరంగుళాల ఎర్ర గ్రావెల్ పోసి, తడిపి, రోలర్ తిప్పి, ఆ పైన రెండంగుళాల క్రషర్ డస్ట్, అంటే కంకర మిల్లులో వచ్చే రాతిపొడి. అంతే గానీ కాంట్రాక్టరు "సార్, 40 ఎమ్ఎమ్ మెటల్ మిగిలింది, వేసేస్తా" అంటే ఒప్పుకోకండి. పదునైన కంకర గుర్రం అరికాలికి నొక్కుకుంటే లోపల రక్తం గడ్డకడుతుంది, వారాల తరబడి కుంటుతుంది. సిమెంటు రోడ్డు అంతకన్నా ప్రమాదం. నాడా వేసిన గిట్ట సిమెంటు మీద, అందులోనూ తడి సిమెంటు మీద, సబ్బు ముక్కలా జారుతుంది.

ఇంకో ముఖ్యమైన మాట. వాన పడ్డాక బాట మూసేయాలి. ఎన్ని రోజులని లెక్క లేదు, మట్టిని బట్టి. గిట్ట ముద్ర అంగుళం కన్నా లోతు దిగుతోందంటే ఇవాళ స్వారీ లేదని అర్థం. పిల్లలు ఏడుస్తారు, ఫీజు కట్టాం కదా అని తల్లిదండ్రులు అడుగుతారు. అయినా మూయాలి. మూయకపోతే ఏమవుతుందంటే, మధ్యలో బురద ఉందని మొదటివాడు పక్కనుంచి పోతాడు, అక్కడా బురదైతే రెండోవాడు ఇంకా పక్కనుంచి. నెల తిరిగేసరికి నాలుగడుగుల బాట ఇరవై అడుగుల రొచ్చు.

కృష్ణ ఒడ్డున తిరుగుదామని కొందరు అడిగారు. లంకల్లో ఇసుక చూడటానికి బాగుంటుంది. తడిగా గట్టిపడ్డ ఇసుక మీద నడిపించండి, చాలా మంచిది. పొడి ఇసుకలో చీలమండ దాకా కూరుకుపోయే చోట దౌడు తీయిస్తే కాలి నరాలు, అదే టెండన్లు, తెగుతాయి. ఒండ్రు పేరుకున్న చోట్ల పైన ఎండినట్టుంటుంది, కింద ఊబి. అక్కడ కర్ర గుచ్చి చూడకుండా గుర్రాన్ని దింపొద్దు. ఇక నదిలో గేట్లు, దిమ్మలు, రెయిలింగులు కడదామన్న ఆలోచన మానుకోండి. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చింది మనమంతా చూశాం. అక్కడ ఏటా పుల్లలు గుచ్చి కొత్తగా గుర్తు పెట్టుకునే బాటే బాట.

కరకట్ట మీద? కట్ట పైన నడవడం వేరు, కట్ట వాలు మీద ఎక్కడం దిగడం వేరు. వాలు మీద గడ్డే కట్టకి చర్మం. గుర్రాలు నాలుగుసార్లు ఒకే చోట దిగితే గడ్డి పోయి గాడి పడుతుంది, వరదలో ఆ గాడి దగ్గరే కట్ట బలహీనమవుతుంది. 2024లో బుడమేరు వాగు గట్లు తెగి వరదొచ్చాక మన ఊళ్ళో ఈ సంగతి ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. ఇరిగేషన్ వాళ్ళ అనుమతి లేకుండా కట్ట జోలికి పోకండి. అలాగే కొండపల్లి వైపు అడవిలో. అది రిజర్వు ఫారెస్టు. 1967 అటవీ చట్టం ప్రకారం అనుమతి లేకుండా అక్కడ చెట్టు కొట్టినా, మట్టి తవ్వినా నేరం. "చిన్న కాలిబాటే కదా సార్" అంటే ఫారెస్టు వాళ్ళు వినరు, వినకూడదు కూడా.

ఇప్పుడు గుర్రం కళ్ళ గురించి కొంచెం. నాకు మనవరాలు నేర్పిన పాఠం ఇది. మా చిన్నప్పుడు బెజవాడ స్టేషన్ దగ్గర జట్కాలు ఉండేవి. ఆ గుర్రాల కళ్ళకి పక్కన తోలు గంతలు కట్టేవాళ్ళు. ఎందుకో తెలిసేది కాదు. గుర్రం కళ్ళు తలకి రెండు పక్కలా ఉంటాయి. దాదాపు చుట్టూ, వెనక్కి కూడా, దానికి కనిపిస్తుంది. కనిపించనివి రెండే చోట్లు. తోక వెనక ఒకటి, సరిగ్గా ముక్కు ముందు ఒకటి. గంత లేని గుర్రం వెనక నుంచి వచ్చే లారీని, పక్కన ఎగిరే పాలిథీన్ కవర్‌ని, అన్నిటినీ ఒకేసారి చూస్తుంది. భయం వేస్తే పారిపోవడమే దానికి తెలిసిన విద్య.

కాబట్టి బాట మలుపు దగ్గర ఎదుటివాళ్ళు దూరం నుంచే కనిపించేలా పొదలు కొట్టాలి. గుర్రానికి ఎండలోంచి చీకట్లోకి వెళితే కళ్ళు సర్దుకోవడానికి మనకన్నా ఎక్కువ సేపు పడుతుంది. మన గుంటూరు, విజయవాడల్లో అడుగడుక్కీ రైల్వే అండర్‌పాస్‌లు. మధ్యాహ్నపు ఎండలో నడిచొచ్చి ఆ చీకటి నోట్లోకి వెళ్ళమంటే గుర్రం ఆగుతుంది. అది మొండితనం కాదు, దానికి ముందు నేల ఉందో లేదో తెలియట్లేదు. అడుగున నీళ్ళు నిలిచి మెరుస్తుంటే అది గొయ్యి అనుకుంటుంది. దిగి, పక్కన నడిచి, ఆగి ఆగి తీసుకెళ్ళాలి. బాట ప్లాను వేసేటప్పుడే అండర్‌పాస్ తప్పించే దారి వెతకడం ఇంకా మేలు.

ఎత్తు గురించి. కొమ్మలు కనీసం పదడుగుల పైన ఉండాలి, పన్నెండు ఉంటే నిశ్చింత. మే నెలలో కొలిచి పదడుగులుందని సంతోషపడకండి. ఆగస్టులో అదే వేపకొమ్మ కొత్త ఆకులతో, వాన బరువుతో అడుగున్నర కిందకి వంగుతుంది. ఈ కొలత నాకు నా టోపీ చెప్పింది. అడ్డంగా మొత్తం ఎనిమిదడుగులు శుభ్రం చేయండి, గుర్రం నడిచే మట్టి అందులో రెండు మూడు అడుగులే అయినా పర్వాలేదు. పక్కన లోయ ఉంటే మాత్రం ఇంకా వెడల్పు.

ప్రమాదాల చిట్టా చెప్పడం మొదలుపెడితే కొండవీటి చాంతాడంత అవుతుంది. రెండు మూడు చెప్పి వదిలేస్తాను. మొదటిది గన్నేరు. అందంగా ఉంటుంది, నీళ్ళు అక్కర్లేదు, మేకలు ముట్టవు, అందుకని కంచె వెంట అందరం నాటేస్తాం. గుప్పెడు గన్నేరాకు గుర్రం ప్రాణం తీస్తుంది. కొట్టేసి ఎండబెట్టిన కొమ్మలోనూ విషం పోదు. బాట పక్కన ఉంటే తీసేయండి, తీసిన కొమ్మలు షెడ్డు దగ్గర పడేయకండి. ఆముదం చెట్టు కూడా అంతే, గింజలు మహా విషం. రెండోది మేకులు. గుంతలు పూడ్చడానికి పాత ఇళ్ళు కూలగొట్టిన మట్టి ఫ్రీగా తోలతామంటారు. అందులో సెంట్రింగ్ మేకులు, తీగ ముక్కలు ఉంటాయి. ధనుర్వాతం అన్ని పశువుల్లోకీ గుర్రాన్నే తేలిగ్గా పట్టుకుంటుంది. ఆ ఫ్రీ మట్టి చాలా ఖరీదు. మూడోది పొలాల్లో పందులకని పెట్టే కరెంటు తీగలు. చట్టవిరుద్ధం, అయినా పెడుతున్నారు. కొత్త దారి తెరిచే ముందు పక్క రైతులందరితో ముఖాముఖి మాట్లాడండి. బోర్డు పెట్టాం కదా అంటే చాలదు.

మోటార్‌సైకిళ్ళ సంగతి రైతులు అడిగారు. మంచి బాట కనిపిస్తే బైకు దూరడం ఖాయం. బాట మొదట్లో అడుగు ఎత్తున తాటి దుంగ ఒకటి అడ్డంగా వేయండి, దానికి ఆరేడు అడుగుల దూరంలో ఇంకొకటి. గుర్రం అలవోకగా దాటుతుంది, బైకు వాడు దిగి మోసుకోవాలి, మోయడు. నడిచేవాళ్ళు ఎదురైతే వాళ్ళు పల్లం వైపు నిలబడి, గుర్రానికి వినిపించేలా నాలుగు మాటలు మాట్లాడుతూ ఉండాలి. గుర్రానికి బెదురు పుడితే ఎక్కువగా ఎత్తు వైపుకే పోతుంది. చెట్టు చాటున నక్కి నిశ్శబ్దంగా నిలబడితే మాత్రం దానికి మనం పులిలాగే కనిపిస్తాం.

లద్దె గురించి ఒక్క ముక్క. రోజుకి ఒక గుర్రం 20 కిలోల దాకా వేస్తుంది. ఎరువుగా వాడండి, కానీ కుప్ప పోసి మాగబెట్టాకే. గుర్రం తిన్న గింజల్లో కొన్ని అరగకుండా బయటికొస్తాయి. సర్కారు తుమ్మ ఊరూరా పాకింది కాయలు తిన్న పశువుల పేడలోంచే.

(సభలో ఒకావిడ ప్రశ్న: "బాట వేశాక ఎన్నాళ్ళకోసారి చూసుకోవాలి అంకుల్? పనివాళ్ళకి అప్పజెప్పొచ్చా?")

మంచి ప్రశ్న అమ్మా. పనివాళ్ళకి అప్పజెప్పొచ్చు, కానీ ఒక్క పని మాత్రం మీరే చేయాలి. జూన్‌లో మొదటి గట్టి వాన పడుతుంది చూడు, ఆ వాన వెలిశాక కాదు, పడుతుండగా వెళ్ళాలి. గొడుగు, పార పట్టుకుని బాట మొత్తం నడవండి. ఎండలో వందసార్లు చూసినా తెలియనిది ఆ అరగంటలో తెలుస్తుంది. నీళ్ళు ఎక్కడ బాట దాటుతున్నాయి, ఎక్కడ బాట వెంట పరిగెడుతున్నాయి, కళ్ళముందే కనబడుతుంది. పరిగెట్టే చోట లోయ వైపు అంచున మట్టి గట్టులా పేరుకుని ఉంటుంది. గిట్టలు తోసి తోసి చేసిన గట్టు అది. పారతో రెండు చోట్ల దాన్ని తెంపితే నీళ్ళు అటు తిరుగుతాయి. పది నిమిషాల పని. అది ఆ రోజు చేయకపోతే అక్టోబరులో ట్రాక్టరు పిలవాలి.

మా ఆవిడ మొన్న జూన్‌లో నన్నలా వానలో చూసి తలుపు దగ్గరే నిలబెట్టేసింది. బురద కాళ్ళు కడుక్కునేదాకా కాఫీ ఇవ్వలేదు. ఇంకెవరికైనా ప్రశ్నలుంటే అడగండి, ట్యూబూ కర్రలూ కారులోనే ఉన్నాయి, కావాలంటే బయట మెట్ల మీద పట్టి చూపిస్తాను.